వంకాయల సీనియారిటీ జాబితా

మా సంస్థలో అరవై రెండు రకాల వంకాయలకు సీనియారిటీ జాబితా తయారుచేసింది నేనే. గొప్పకు చెప్పడం లేదు, తప్పు ఒప్పుకోవడమూ కాదు. సర్క్యులర్ వచ్చింది, చేశాను.

మాది వంగ జాతుల పరిణామ అధ్యయన సంస్థ. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో, మూతపడిన బెల్లం గోదాము పక్కన ఉంటుంది. దొరికిన వంగ విత్తనాలన్నీ చల్లగదిలో దాచడం, ఏటేటా కొన్నింటిని పొలంలో నాటి కొత్త గింజ తీసుకోవడం, ఏ రకానికి ఏ రకం చుట్టమో తేల్చడం, ఇవీ సంస్థ పనులు. చుట్టరికం తేల్చడానికి పెద్ద యంత్రాలున్నాయి, పెద్ద శాస్త్రవేత్తలున్నారు. వాళ్ళు తేల్చినదాన్ని మనిషి కంటికి అర్థమయ్యే బొమ్మగా గీసే ప్రోగ్రాం రాయడం నా పని. ఏడాది కాంట్రాక్టు. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఈ ఉద్యోగం ఏమిటో అమ్మకి చెప్పడానికి తంటాలు పడ్డాను. చివరికి "వంకాయలకి వంశవృక్షాలు గీస్తానమ్మా" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "కుర్సీలో కూకునే గదా?" అంది. అవునన్నాను. "అయితే గీయి" అంది.

వంశవృక్షం గీయడంలో ఒక కిటుకుంది. కొమ్మ రెండుగా చీలిన చోట పైదాన్ని కిందికీ, కిందిదాన్ని పైకీ తిప్పేయొచ్చు. చుట్టరికం మారదు. పెళ్ళి ఫోటోలో అక్క ఎడమవైపు నిలబడినా కుడివైపు నిలబడినా అక్కే గదా. అలా తిప్పి తిప్పి, గీత మీద గీత పడకుండా, చూసినవాళ్ళు తికమక పడకుండా ఉండే అమరిక ఒకటి వెతకాలి. నా ప్రోగ్రాం చేసేది అంతే.

చెట్టయితే ఇంత సులువు. కానీ ఒక్కోసారి ఒక రకానికి తల్లి ఒక కొమ్మ మీద, తండ్రి ఇంకెక్కడో వేరే కొమ్మ మీద ఉంటారు. అప్పుడు బొమ్మ చెట్టులా కాకుండా వలలా తయారవుతుంది. మా అరవై రెండింటిలో అలాంటిది ఒక్కటే, జీలుగుపాలెం ముళ్ళవంగ. తల్లి పెదలంక పొడుగు అనే నాటు వంగ. తండ్రి కొండములక, కొండ మీద దానంతటది పెరిగే ముళ్ళ మొక్క. వాళ్ళిద్దరినీ ఏ శాస్త్రవేత్తా కలపలేదు. ఎప్పుడో ఏ తేనెటీగో కలిపింది. నా మొదటి పటంలో ఆ రెండు కొమ్మలనీ పక్కపక్కకి తిప్పి, మధ్యలో ముళ్ళవంగని పెట్టాను. ఒక్క గీత కూడా ఇంకో గీతని దాటలేదు. ఆ రోజు సంతోషంగా రెండు టీలు తాగాను.

ముళ్ళవంగని సంస్థకి తెచ్చింది మా ఫీల్డ్‌మన్ గవరయ్య. ఎండు తెగులు వచ్చి పొలమంతా నిలువునా వాడిపోయిన ఏడాది పచ్చగా నిలబడింది అదొక్కటే. "కొండోడి కొడుకు తల్లీ అది. దానికి రోగమేటి?" అంటాడు. కానీ దాని గింజ పాతబడిపోయింది. చల్లగదిలో ఉన్నంత మాత్రాన గింజ చిరంజీవి కాదు. మార్చిలో పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూస్తే మూడు మొలిచాయి. మిగిలినవి నలభై గింజలు.

"ఈ జూన్లో నాటకపోతే వచ్చే యేటికి ఇయి గింజలు కావు, ఇసక" అన్నాడు గవరయ్య. "ఎలగైనా ఈపాలి మడి ఇప్పించు, తల్లీ."

"మడి ఇచ్చేదాన్ని నేను కాదు బాబాయ్. పటంలో ఉన్నవాటికి మడి వస్తుంది. పటంలో ఉంది కదా."

అప్పటికి ఉంది.

ఏప్రిల్లో మాకు కొత్త పరిపాలనాధికారి వచ్చారు. తారకేశ్వర్రావు గారు. ముప్పై ఏళ్ళు ఒక పెద్ద శాఖలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసి డిప్యుటేషన్ మీద వచ్చారు. సీనియారిటీ జాబితాలో ఆయన చెయ్యి పడితే కోర్టు కూడా కదపలేదని ప్రతీతి. మనిషి మంచివారు. రాగానే హాల్లో నా పటం ముందు నిలబడి పైనుంచి కిందికి చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది.

"ఈ పటం ఎవరిదమ్మా?"

"నాదే సార్. నూకరత్నం, ప్రాజెక్టు అసిస్టెంటు."

"అన్నిటికంటే అడుగున ఉన్నది ఏమిటి?"

"శ్వేతమణి సార్."

"డైరెక్టర్ గారు స్వయంగా తయారుచేసిన రకం కదా? అరవై రెండో స్థానం ఇచ్చావేం?"

"అది స్థానం కాదు సార్. కొమ్మ అలా తిరిగింది."

"కొమ్మ అలా తిరిగితే మనం ఇలా తిప్పలేమా?"

"తిప్పొచ్చు సార్" అన్నాను, ఉన్నమాట. అదే నా పొరపాటు.

తిప్పాను. శ్వేతమణి పైకి వెళ్ళింది. దాంతో శాస్త్రవేత్త హైమవతి మేడమ్ గారు పెంచిన నల్లబుడత అడుగుకి వచ్చింది. మధ్యాహ్నం ఆవిడ టిఫిన్ బాక్సు మూత కూడా పెట్టకుండా నా గదికి వచ్చారు. "పదకొండేళ్ళు రత్నం, పదకొండేళ్ళు! పురుగు పడితే చేత్తో ఏరాను. ఇవాళ అది పటంలో అటెండరు మోకాళ్ళ దగ్గరకి దిగిపోయింది." మేడమ్ కోసం ఇంకోసారి తిప్పాను. ఇంకెవరిదో అడుక్కి పోయింది. వారం రోజుల్లో పటాన్ని పద్నాలుగుసార్లు తిప్పాను. అరవై రెండు రకాలున్న పటంలో అడుగున ఏదో ఒకటి ఉండక తప్పదని నాకూ అప్పుడే తెలిసొచ్చింది.

సోమవారం సర్క్యులర్ వచ్చింది.

"విషయము: వంగ రకముల స్థాన నిర్ణయము – మార్గదర్శకములు – జారీ చేయుట – గురించి. వంశవృక్ష పటమునందు రకముల అమరిక, సదరు రకములు సంస్థలో చేరిన తేదీ ప్రాతిపదికన మాత్రమే ఉండవలెను. ప్రొబేషను పూర్తికాని రకములను చుక్కల గీతతో సూచించవలెను. ప్రొబేషనులోనున్న రకమునకు సంతానమును గుర్తించుట కుదరదు. పటమున లేని రకమునకు పొలమున మడి కేటాయించరాదు."

చేరిన తేదీ ప్రకారం పెదలంక పొడుగు మొదటిది. కొండములక ఆఖరిది, ఎందుకంటే ముళ్ళవంగకి తండ్రి ఎవరో తేలాక, పోయినేడాదే గవరయ్య కొండెక్కి దాన్ని తెచ్చాడు.

"సార్, ఇక్కడ తండ్రి కొడుకు కంటే ఆరేళ్ళు ఆలస్యంగా చేరాడు" అన్నాను.

"సర్వీసులో అలాంటివి మామూలేనమ్మా. మా శాఖలో మామగారు అల్లుడి దగ్గర గుమాస్తాగా చేశారు. బొమ్మ గియ్యి."

గీశాను. వరస సర్క్యులర్ ప్రకారం కుదిరింది. గీతలు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎలుకలు దూరిన చేపల వలలా తయారైంది. ఎన్ని చోట్ల దాటాయో ప్రోగ్రామే లెక్కపెట్టి చెప్పింది: రెండువందల పదకొండు. అంతకంటే తగ్గే దారి లేదు, వెతికి చూశాను.

డైరెక్టర్ డాక్టర్ విరూపాక్షం గారు ఆ పటాన్ని చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, మళ్ళీ తీశారు. "స్పష్టత! శాస్త్రం యొక్క ఆత్మ స్పష్టత! ముఖ్య కార్యదర్శి గారు జూన్ ఇరవైన వస్తున్నారు. ఆయనకి ఈ సేమ్యా ముద్ద చూపించమంటారా?" అన్నారు. సాయంత్రానికి రెండో సర్క్యులర్ వచ్చింది. పటమునందు ఏ గీతయు మరియొక గీతను దాటరాదు. దాటినచో సంబంధిత సిబ్బంది బాధ్యత వహించవలెను.

సంబంధిత సిబ్బంది నేనే. మర్నాడు పొద్దున్నే ఇద్దరు పెద్దల ముందూ నిలబడ్డాను.

"రెండు సర్క్యులర్లూ కలిపి అమలుచేయడం అసాధ్యం సార్."

తారకేశ్వర్రావు గారు నొచ్చుకున్నారు. "అసాధ్యం అనే మాట ఫైలులో రాయకూడదమ్మా. 'పరిశీలనలో ఉన్నది' అని రాయాలి."

"ప్రోగ్రాం మార్చు" అన్నారు డైరెక్టర్ గారు.

"ప్రోగ్రాంలో తప్పు లేదు సార్. మొదటి సర్క్యులర్ ప్రకారం వరస మారకూడదు. రెండోదాని ప్రకారం గీత దాటకూడదు. రెండూ నిలబడాలంటే ఇక మార్చడానికి మిగిలింది ఒక్కటే."

"ఏమిటది?"

"చుట్టరికం సార్."

ఇక కుదరదని చెప్పడం నా ఉద్దేశం. పెద్దలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తారకేశ్వర్రావు గారి ముఖం మెల్లగా వెలిగింది.

"అది మార్చేద్దాం" అన్నారు.

అలా పరిణామ సవరణ కమిటీ ఏర్పడింది. డైరెక్టర్ గారు అధ్యక్షులు, తారకేశ్వర్రావు గారు కన్వీనరు, నేను మినిట్స్ రాసే మనిషిని. కమిటీ మొదటి నిర్ణయం: గీత దాటుతున్న రకాలను పరిపాలనా కారణాల రీత్యా ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు బదిలీ చేయడం. మొదటి రోజే పద్దెనిమిది బదిలీలు. ఆకుపచ్చకోల తన అక్కాచెల్లెళ్ళని వదిలి గుత్తి వంగల కొమ్మకి వెళ్ళింది. చారల వంగ ఎవరూ లేని ఒక మారుమూల కొమ్మకి వెళ్ళింది. దానికి సిఫారసు చేసేవాళ్ళు లేరు.

అభ్యంతరాలకి వారం గడువిచ్చారు. వంకాయలు స్వయంగా రాయలేవు కాబట్టి వాటి తరఫున శాస్త్రవేత్తలు రాయవచ్చన్నారు. హైమవతి మేడమ్ నాలుగు పేజీలు రాశారు. నల్లబుడతా తెల్లబుడతా ఎన్నో ఏళ్ళుగా పక్కపక్క మడుల్లో కలిసి ఉంటున్నాయనీ, భార్యాభర్తల కేసుగా పరిగణించి ఒకే కొమ్మ మీద ఉంచాలనీ.

"పెళ్ళయినట్టు రుజువేదమ్మా?" అన్నారు తారకేశ్వర్రావు గారు.

"రెండింటికీ ఒకేసారి పూత వస్తుంది సార్."

"ఫీల్డ్‌మన్ సర్టిఫికెట్ జతపరచండి."

గవరయ్య వేలిముద్ర వేశాడు. ఆర్డరు వచ్చింది. తరువాత పుచ్చు ఎక్కువగా పట్టే ఒక గుండ్రవంగకి వైద్య కారణాలపై అడిగిన కొమ్మ ఇచ్చారు.

మూడో సమావేశంలో తారకేశ్వర్రావు గారు పటంలో కొమ్మలు చీలే చోట ఉన్న ఖాళీ సున్నాల మీద వేలు పెట్టారు. "వీటిలో పేర్లు లేవేం?"

"వాళ్ళు అంతరించిపోయిన పూర్వీకులు సార్. పేర్లు తెలియవు."

"అంటే ఖాళీలు!" ఆయన కుర్చీలోంచి లేచారు. "ఎన్ని?"

"అరవై ఒకటి సార్."

"ఇన్నేళ్ళుగా అరవై ఒక్క ఖాళీలు పెట్టుకుని ఒక్కరికీ ప్రమోషన్ ఇవ్వలేదా!"

ఆ రోజే సీనియారిటీ, సమర్థతల ప్రాతిపదికన పదోన్నతులు మొదలయ్యాయి. మొట్టమొదటి సున్నాలోకి, అంటే భూమ్మీది వంకాయలన్నిటికీ మూలమైన ఆది వంకాయ స్థానంలోకి, డైరెక్టర్ గారి శ్వేతమణికి పదోన్నతి లభించింది. అది పుట్టి పద్నాలుగేళ్ళయింది. మినిట్స్‌లో నేను ఆ సంగతి బ్రాకెట్లో రాశాను. బ్రాకెట్ తీసేయమన్నారు.

జూన్ మొదటి వారానికి దాటే గీతలు రెండువందల పదకొండు నుంచి ఒకటికి దిగాయి. మిగిలిన ఆ ఒక్కటీ ముళ్ళవంగది. తల్లి పటం తలమీద, తండ్రి పాదాల దగ్గర. ఒక గీత ఆ కొసకీ ఒక గీత ఈ కొసకీ వెళ్ళాలి. ఎటు తిప్పినా మధ్యలో ఎవరినో దాటాలి.

"ఒకే ఉద్యోగికి రెండు సర్వీసు రిజిస్టర్లా?" అన్నారు తారకేశ్వర్రావు గారు. ఆయన నిజంగా బాధపడ్డారు. నోటీసు ఆయనే డిక్టేట్ చేశారు.

"జీలుగుపాలెం ముళ్ళవంగ అను రకమునకు. మీరు ఇరువురు జనకుల కింద ఏకకాలమున నమోదై యున్నట్లు గమనించడమైనది. జూన్ పదవ తేదీలోగా ఎవరో ఒక జనకుని ఎంచుకొని మీ ఐచ్ఛికమును లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనిచో మీరు చెప్పుకొనునది ఏమియు లేదని భావించి పటము నుండి తొలగించబడుదురు."

నోటీసు అందినట్టు సంతకం కావాలి. విత్తనాల పాకెట్టు సంతకం చేయదు కాబట్టి చల్లగది తలుపు మీద అంటించి, ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాశాం. సాక్షుల్లో ఒకడు గవరయ్య.

"ఏటి రాసేరో సదువు తల్లీ" అన్నాడు.

చదివాను.

"అంటే అమ్మనొగ్గీమంటన్నారా, అయ్యనొగ్గీమంటన్నారా?"

"ఎవరో ఒకర్ని, బాబాయ్. కాగితం మీదే. మొక్క మారదు."

"నీకేటి తెల్దు. కాగితం సూసే గదా మడిస్తారు. ఒట్టి పెదలంక బిడ్డని రాసేవనుకో, ఏటంటారు?"

ఆలోచించాను. తండ్రి పేరు లేకపోతే అది తల్లికి నకలే అవుతుంది. నకళ్ళను విడిగా నాటకూడదని పాత నిబంధన ఒకటుంది. పెదలంక పొడుగు నాటుతున్నాం కాబట్టి ఇది అక్కర్లేదంటారు.

"కొండములక బిడ్డని రాసేవనుకో?"

కొండములక ప్రొబేషన్‌లో ఉంది. దానికి సంతానాన్ని గుర్తించరు. ఇంకో ఏడాది దాకా మడి రాదు.

"సూసేవా" అన్నాడు గవరయ్య. "అమ్మ కావాలన్నా ఇసకే. అయ్య కావాలన్నా ఇసకే. ఊరుకున్నా ఇసకే. నువ్వు సదూకున్నదానివి, ఏదో ఒకటి సెయ్యి."

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. చదువుకున్నదాన్నే గానీ నా చదువంతా గీతలు దాటకుండా గీయడమే. ఇంకేం చదవలేదు. రెండు రోజులు భోజనం దగ్గర కూడా పళ్ళెంలో గీతలే గీశాను. అమ్మ "అన్నం మీద ముగ్గులేటే" అని తిట్టింది. మూడో రోజు, జూన్ తొమ్మిదిన, మా చదువులో ఎప్పటినుంచో ఉన్న ఒక పద్ధతి గుర్తొచ్చింది. వలని విప్పి చెట్టు చేసే పద్ధతి. ఇద్దరు జనకులున్నదాన్ని ఒక్కసారి గీస్తేనే కదా గీత దాటేది? రెండుసార్లు గీయాలి. తల్లి పక్కన ఒకసారి, తండ్రి పక్కన ఒకసారి. అప్పుడు ఏ గీతా ఎక్కడికీ ప్రయాణం చేయక్కర్లేదు.

గీశాను. ప్రోగ్రాం లెక్కపెట్టింది. సున్నా.

తీసుకెళ్ళి తారకేశ్వర్రావు గారి ముందు పెట్టాను. ఆయన పటం పైనుంచి కిందికి, ఒక్క పేరూ వదలకుండా చదివారు. రెండో స్థానంలో జీలుగుపాలెం ముళ్ళవంగ. అరవై మూడో స్థానంలో జీలుగుపాలెం ముళ్ళవంగ. వేలు అక్కడ ఆగిపోయింది.

"ఒకే పేరు రెండుచోట్ల?"

నిజం చెప్పడం తప్ప నాకు వేరే రాదు. "ఒకటే మొక్క సార్. రెండు చోట్లా దానికి పని ఉంది."

ఆయన వేలు ఆ రెండు పేర్ల మధ్య పైకీ కిందికీ రెండుసార్లు తిరిగింది. తరువాత కళ్ళు చెమర్చినట్టు చూశారు. "అదనపు బాధ్యతలు!" అన్నారు. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా! అనవసరంగా నోటీసు ఇప్పించావు. పెదలంక కింద రెగ్యులర్ పోస్టు, కొండములక కింద అదనపు బాధ్యతలు. అదనపు బాధ్యతలున్నది నకలు కాదు. తాత్కాలిక ఏర్పాటు కాబట్టి చేరిన తేదీ, ప్రొబేషన్ నిబంధనలు వర్తించవు." ఉత్తర్వు అప్పటికప్పుడు వచ్చింది. జూన్ పన్నెండున గవరయ్య నలభై గింజలూ నారుమడిలో వేశాడు. పదకొండు మొలిచాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి లెక్కపెట్టేవాడు, పన్నెండోది వస్తుందేమోనని. రాలేదు.

ఇరవైన ముఖ్య కార్యదర్శి గారు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. పటం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"చాలా స్పష్టంగా ఉంది" అన్నారు.

డైరెక్టర్ గారు వంగి నమస్కారం పెట్టారు.

"ఇంతకీ ఏమిటిది?"

చెప్పారు. ఆయన తలూపుతూ విన్నారు. తరువాత చూపుడువేలు రెండు చోట్ల పెట్టి, "ఈ పేరు రెండుసార్లుందేం?" అన్నారు.

తారకేశ్వర్రావు గారు ఒక అడుగు ముందుకేసి, "అదనపు బాధ్యతలు సార్" అన్నారు.

ముఖ్య కార్యదర్శి గారి ముఖం మెత్తబడింది. "పాపం. నాకూ మూడు శాఖలు అదనం. ఇంట్లోవాళ్ళు నా ముఖం చూసి ఎన్నాళ్ళయిందో." ఆయన పటాన్ని ఆప్యాయంగా తట్టారు. వెళ్ళబోతూ ఆగి, "రెండు చోట్లా హాజరు సరిగ్గా ఉంటోందా?" అన్నారు.

అంతే. ఆయన కారు గేటు దాటకముందే ఉత్తర్వు టైపవుతోంది. సదరు రకము సోమ, మంగళ, బుధవారములు రెండవ మడియందును, గురు, శుక్ర, శనివారములు అరవై మూడవ మడియందును హాజరు కావలెను. ఒకేసారి రెండు మడుల్లో నాటితే అది ఇద్దరు ఉద్యోగులవుతుందట. కాబట్టి గవరయ్య పదకొండు మొక్కలనీ కుండీల్లో పెట్టి, ప్రతి గురువారం పొద్దున్నే తోపుడుబండి మీద పొలం ఈ కొస నుంచి ఆ కొసకి తోసేవాడు. నేను హాజరు పట్టీ పట్టుకుని వెంట నడిచేదాన్ని. ఒక గురువారం పెద్ద వాన పడి బండి దిగబడిపోతే ముళ్ళవంగకి సగం రోజు సెలవు రాశాం.

"ఆదివారం ఎక్కడుండాలండి బాబూ?" అని అడిగాడు గవరయ్య.

"ఆదివారం ఆఫీసుకి సెలవు కదయ్యా. దాని ఇష్టం" అన్నారు తారకేశ్వర్రావు గారు.

ఆదివారాలు అది గవరయ్య ఇంటి అరుగు మీద ఉండేది.

ఆగస్టులో పూత వచ్చింది. మామూలుగా పూతకి ముందు మొగ్గలకి గుడ్డసంచులు కడతాం, తేనెటీగలు ఒక రకం పుప్పొడి ఇంకోదానికి మోసుకుపోకుండా. ఈసారి మడులన్నీ పటంలోని వరస ప్రకారమే వేశారు కాబట్టి, సంచుల బిల్లు చూసి కమిటీ ఆశ్చర్యపోయింది. పటం ప్రకారం పక్కపక్కన ఉన్నవన్నీ ఒకే కొమ్మ మీది తోబుట్టువులు. ఒక ఇంట్లోవాళ్ళ మధ్య ముసుగులెందుకని డైరెక్టర్ గారు సంచులు రద్దు చేశారు. తేనెటీగలకి మా బదిలీల సంగతి తెలియదు. మడి మడికీ తిరిగి వాటి పని అవి చేసుకున్నాయి. గవరయ్య మాత్రం ఒక ఆదివారం అరుగు మీద కూర్చుని, వాళ్ళావిడ పాత చీర చింపి పదకొండు మొక్కలకీ సంచులు కట్టాడు. ఆదివారం కట్టినదాన్ని సోమవారం విప్పమనే ఉత్తర్వు ఏదీ లేదు.

డిసెంబర్లో కొత్త గింజల్ని పరీక్షకి పంపితే ఫలితం జనవరికి వచ్చింది. ముళ్ళవంగ ముళ్ళవంగగానే వచ్చింది. మిగతా అరవై ఒక్కటీ ఇంటిపేర్లు మార్చేసుకున్నాయి. అసలు గింజలు చల్లగదిలో ఇంకా ఉన్నాయి కాబట్టి కొంప మునగలేదు. నేను భయపడుతూ రిపోర్టు తీసుకెళితే డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు. "ఒక్క ఏడాదిలో అరవై ఒక్క కొత్త రకాలు! మన సంస్థ చరిత్రలో లేదు!" వార్షిక నివేదికలో మొదటి పేజీకి పంపించారు. ఒక్క కొత్త రకాన్నీ ఇవ్వలేని రకంగా ముళ్ళవంగ పేరు ఆఖరి పేజీలో, అసంతృప్తికర పనితీరు కింద వచ్చింది.

"ఆఖర్నేనా ఉంది గదా" అన్నాడు గవరయ్య.

గింజలు పాకెట్లలో కట్టే రోజు. బాగా పండి పసుపు తిరిగిన కాయల్ని గవరయ్య నీళ్ళలో పిసికి, అడుక్కి దిగిన గింజల్ని నీడలో ఆరబెట్టి, ఒక స్టీలు పళ్ళెంలో పోసుకొచ్చాడు. మిలమిలలాడుతున్నాయి. రెండు పోస్టులు కాబట్టి రెండు పాకెట్లు కావాలని ఉత్తర్వు. ఒకటి 'రెగ్యులర్', ఒకటి 'అదనపు బాధ్యతలు'. ఒక్క పళ్ళెం, ఒక్క చెంచా. ఇటొక చెంచా అటొక చెంచా వేసుకుంటూ ఇద్దరం కలిసి నింపాం. చివరి రెండు చెంచాలూ ఎటు వేశామో నాకు గుర్తులేదు.

తారకేశ్వర్రావు గారు భూతద్దంతో వచ్చారు. సంతకం పెట్టే ముందు స్వయంగా చూడకుండా ఆయన దేన్నీ వదలరు. రెగ్యులర్ పాకెట్లోంచి నాలుగు గింజలు ఒక తెల్లకాగితం మీద, అదనపు పాకెట్లోంచి నాలుగు ఇంకో కాగితం మీద పోసి, ఇటూ అటూ వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"చూశావా రత్నం" అన్నారు. "ఇవి రెగ్యులర్ పోస్టు గింజలు. ఎంత నిండుగా ఉన్నాయో. ఇవి అదనపు బాధ్యతల గింజలు. కాస్త నలిగినట్టు లేవూ?"

నేను నోరు తెరిచాను. గవరయ్య నా కాలు తొక్కాడు.

"నలగవేటండి బాబూ. సంవత్సరమంతా ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగినాయి గదా" అన్నాడు.

"అదే కదా నేననేది." తారకేశ్వర్రావు గారి గొంతులో నిజమైన జాలి ఉంది. "ఇలాంటి గింజని వెంటనే చల్లగదిలో పెట్టి పనిలోకి దింపడం న్యాయం కాదు. దీని ఖాతాలో ఎంత సెలవుంది?"

హాజరు పట్టీ చూశాను. "ఆర్జిత సెలవు ముప్పై రోజులు సార్. వాన రోజు సగం పోను."

"శాంక్షన్ చెయ్యి. దరఖాస్తు రాయి, నేను సంతకం పెడతాను."

రాశాను. 'సెలవు కాలంలో చిరునామా' అనే గడి దగ్గర ఆగాను.

"ఆదివారాలు ఎక్కడుండేది అది?" అన్నారాయన.

"గవరయ్య ఇంట్లో సార్."

"అక్కడే ఉండనీ. అలవాటైన చోటు."

గవరయ్య ఆ పాకెట్టుని రెండు చేతులా అందుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"బాబూ, ఒక మాట. సెలవులో ఉండగా ఇయి మొలకెత్తేస్తే?"

తారకేశ్వర్రావు గారు సంతకం కింద తేదీ వేస్తూ తలెత్తలేదు. "సెలవులో ఏం చేసుకుంటే మనకెందుకయ్యా" అన్నారు.